గౌరికి సీటొచ్చింది

పల్లెటూరి పిల్లలకు పెద్ద చదువులు ఎందుకు అందడం లేదో తెలుసుకు రమ్మని ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. సంఘంలోని పెద్దలు ఒక చల్లని కొండమీది అతిథిగృహంలో వేసవంతా కూర్చుని, తలలు పట్టుకుని ఆలోచించి, చివరికి సంగతి కనిపెట్టారు. చదువు దూరంగా ఉంది కాబట్టి అందడం లేదు. ఆ ముక్క ఏ బస్టాండులో ఎవరిని అడిగినా చెప్పేవారు గానీ, బస్టాండులో చెప్పినదాన్ని నివేదిక అనరు. నివేదిక బైండింగు బాగా కుదిరింది. చివరి పేజీలో సిఫారసు మాత్రం ఒక్క వాక్యమే ఉంది: "విశ్వవిద్యాలయం తన ద్వారాలను ప్రతి మండలంలోని ప్రజలకూ తెరవవలెను."

ఈ వాక్యం విశ్వవిద్యాలయానికి చేరగానే రిజిస్ట్రారు డాక్టర్ పరాంకుశం దాన్ని మూడు రంగుల పెన్నులతో గీతలు గీసుకుంటూ చదివారు. ఆయన మాటను మాటగా తీసుకునే మనిషి. మాట వెనక అర్థం వెతకడం ఆయన దృష్టిలో క్రమశిక్షణారాహిత్యం.

"కళాశాలలు కట్టమన్నారా?" అని సహాయకుణ్ణి అడిగారు.

"లేదు సార్."

"అధ్యాపకులను నియమించమన్నారా?"

"ఆ ప్రస్తావనే లేదు సార్. ద్వారాలు తెరవమన్నారు."

"మండలాల్లో మనకు ద్వారాలున్నాయా?"

"లేవు సార్."

"లేని ద్వారాన్ని తెరవడం పరిపాలనాపరంగా సాధ్యం కాదు. కావున ముందుగా నిర్మించవలసి ఉంటుంది," అన్నారు పరాంకుశం. ఆ విధంగా మండలానికొక గేటు మంజూరైంది.

తుమ్మలగుట్టలో గేటు పని మొదలైన రోజున బీరయ్య కూతురు నవనీత అందరికంటే ముందు పరుగెత్తుకెళ్ళి చూసింది. బీరయ్యది గొర్రెల మంద. నవనీత ఇంటర్మీడియెట్ పాసైంది, అదీ మండలంలో అందరికంటే ఎక్కువ మార్కులతో. రెండేళ్ళ కిందట వానాకాలంలో నీలినాలుక రోగం వచ్చి మందలో సగం గొర్రెలు నోట్లో పుండ్లతో, మేత ముట్టకుండా చచ్చిపోయాయి. పశువుల ఆసుపత్రికి తాళం వేసి ఉంది. బీరయ్య ఆ తాళం దగ్గర గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. అప్పుడే నవనీత జంతుశాస్త్రం చదవాలని పట్టుబట్టింది. చదవాలంటే పట్నం పోవాలి. పట్నంలో ఉండాలంటే హాస్టలు సీటు దొరకాలి. అది దొరక్కపోతే ఇక మేనత్తతో కలిసి విత్తనాల మిల్లులో సంచులు కుట్టడానికి పోవడమే. మిల్లువాళ్ళు అప్పటికే రమ్మని కబురు పెట్టారు.

అందుకే ఆ అమ్మాయి ఇంజనీరును ఆశగా అడిగింది. "సార్, కాలేజీ యాడ కడ్తరు?"

"కాలేజీ ఏమిటమ్మా? ఇది విశ్వవిద్యాలయ ద్వారం."

"గేటు సరే సార్. మరి లోపలేముంటది?"

ఇంజనీరు నొచ్చుకున్నాడు. "లోపల అనేది వేరే శాఖ," అన్నాడు.

గేటు మాత్రం ఘనంగా లేచింది. రెండు స్తంభాలు, పైన కమాను, కమాను మీద సరస్వతీదేవి, ఆమె వీణకు సీరియల్ బల్బులు. ఊళ్ళో ప్రభుత్వానికి చెందిన స్థలం బండ్లబాట ఒక్కటే కాబట్టి గేటును బండ్లబాట మీదే కట్టారు. గేటుకు ఇవతల ఊరు. అవతల చేన్లు, కంచెలు, బస్సు ఆగే రోడ్డు.

పథకానికి జనాదరణ కలగాలని విశ్వవిద్యాలయం ఒక తాయిలం కూడా ప్రకటించింది. ప్రతి ద్వారం గుండా మొట్టమొదట ప్రవేశించిన వారికి పట్నంలోని అసలు విశ్వవిద్యాలయంలో కోరిన చదువు, హాస్టలులో మంచం. ధ్రువపత్రాలు కూడా అడగరు. ఎందుకంటే అడగాలని ఎవరూ రాయలేదు.

ఆ సాయంత్రమే సర్పంచి అనంతరెడ్డి బీరయ్య ఇంటికి వచ్చాడు. "బీరన్నా, ముందుగాల నడిచేది నీ బిడ్డనే. మండలం ఫస్టు వచ్చిన పిల్ల ఉండంగ ఇంకెవలు నడుస్తరు? నేను మాటిస్తున్న," అన్నాడు.

బీరయ్యకు ఆ రాత్రి సంతోషంతో బువ్వ సయించలేదు. నవనీత తల్లి ఎల్లవ్వ పెళ్ళినాటి పట్టుచీరను కత్తిరించి లంగా ఓణీ కుట్టించింది. తల్లులు ఊరికే చీరలు కత్తిరించరు.

ప్రారంభోత్సవం నాడు ఉపకులపతిగారు కార్లో దిగారు. వెనక కార్లో ఆయన పురోహితుడు దిగాడు. కార్యక్రమ పత్రంలో "ప్రవేశం" అని ఉండేసరికి ఉపకులపతిగారు ముహూర్తం లేకుండా గడప దాటనన్నారు. ప్రవేశమన్నాక పాలు పొంగించాలి గనక గేటు కింద పొయ్యి పెట్టి పాలు పొంగించారు. గుమ్మడికాయ కట్టారు. మామిడాకులు కట్టారు. నవనీత పట్టులంగాలో, తల్లో కనకాంబరాలతో గేటు ముందు నిలబడి కుడికాలు ఎత్తింది.

"ఆగమ్మా ఆగు!" అని పురోహితుడు కేకేశాడు. "ప్రవేశానికి ముందు గోవును నడిపించాలని తెలియదూ? గోమాత ఏదీ?"

అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. అది నిజమే. ఎక్కడైనా గృహప్రవేశం చేసేటప్పుడు ముందు ఆవు నడవాల్సిందే, యజమాని తర్వాతే. ఉపకులపతిగారు వాచీ చూసుకున్నారు. సర్పంచి మనిషి పరుగున వెళ్ళి సర్పంచిగారి దొడ్లోంచి గౌరిని తోలుకొచ్చాడు. గౌరి తెల్లావు, మంచి పొగరుబోతు. దాని కొమ్ములకు పసుపు రాసి, నుదుట బొట్టుపెట్టి, ముగ్గురు నెడితే తప్ప అది గేటు దాటలేదు. దాటుతూ సరిగ్గా నడిమధ్యన పేడ వేసింది. చాలా శుభమన్నాడు పురోహితుడు.

గేటు దాటినవారిని లెక్కపెట్టడానికి స్తంభానికి బిగించిన యంత్రం టింగుమంది. ఆ యంత్రాన్ని చూసుకునే ఉద్యోగి కాస్త దూరాన ఏసీ వ్యానులో కూర్చున్నాడు. అతనికి గేటు కనబడదు, మైకు మాత్రమే వినబడుతుంది.

"ఇదుగో, మన ఊరి గౌరి ప్రవేశిస్తున్నది!" అని సర్పంచి మైకులో ఉప్పొంగిపోయాడు. ఉద్యోగి కంప్యూటరులో కొట్టుకున్నాడు. పేరు: కుమారి గౌరి.

"ఎవరి తాలూకు?" అని వ్యానులోంచి అడిగాడు.

"ఎవల తాలూకేంది, మాదే!" అన్నాడు అనంతరెడ్డి. సంరక్షకుడు: అనంతరెడ్డి.

తర్వాత నవనీత నడిచింది. పేడ తొక్కకుండా పక్కకు అడుగేసి నడిచింది. యంత్రం మళ్ళీ టింగుమంది. ఆమె వెనక ఊరు ఊరంతా గేటు దాటింది. అవతలి పక్కన లడ్డూలు పంచుతున్నారు మరి. నేతి లడ్డూలే, జీడిపప్పు కూడా ఉంది. కాకపోతే లడ్డూకు వేలిముద్ర వేయాలి.

పరాంకుశం గారు ఉపన్యసించారు. "ఈ శుభక్షణం నుండి ఈ ద్వారం గుండా పాదం మోపిన ప్రతి ఒక్కరూ విశ్వవిద్యాలయంలో ప్రవేశం పొందినట్లుగా పరిగణింపబడుదురు!" జనం నోట్లో లడ్డూలతోనే చప్పట్లు కొట్టారు. నెల తిరిగేసరికి తుమ్మలగుట్టలో ఉన్నత విద్యలో చేరినవారి సంఖ్య జనాభాను మించిపోయింది. యంత్రం తలలను లెక్కిస్తుంది, బీరయ్య మందకు కూడా తలలున్నాయి. ఈ విజయాన్ని అధ్యయనం చేయడానికి రెండు పొరుగు రాష్ట్రాలవారు వచ్చి వెళ్ళారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. పొద్దున గేటు దాటి చేన్లకు పోయినవాళ్ళు సాయంత్రం అదే గేటులోంచి ఇళ్ళకు వస్తున్నారు. యంత్రం దాన్ని కూడా నమోదు చేస్తోంది. విశ్వవిద్యాలయంలో కలవరం పుట్టింది. పొద్దున చేరిన విద్యార్థులు సాయంత్రానికల్లా చదువు మానేస్తున్నారు! తల్లిదండ్రుల్లో అవగాహన లేకపోవడమే కారణమని ఒక సదస్సు తేల్చింది. "డ్రాపౌట్లను ఎంతమాత్రం ఉపేక్షించం," అని పరాంకుశం గారు ప్రకటించి గేటు దగ్గర సాయన్న అనే ఆ ఊరివాణ్ణే వాచ్‌మన్‌గా వేశారు. సాయన్నకు ఒక ఈల, ఒక లాఠీ ఇచ్చారు. ఊళ్ళోంచి పోయేవాళ్ళకు సలాం కొట్టాలి. తిరిగి వచ్చేవాళ్ళను ఆపాలి.

"గట్లెట్ల రా సాయిగా, ఇంటికి పోవద్దా?" అని బీరయ్య అడిగాడు.

"ఇంటికి పోతె సదువు సెడిపోతదట మామా," అన్నాడు సాయన్న సిగ్గుపడుతూ. "జెర ఆ తుమ్మల పక్కపొంటి పో. నేను అటు సూడ."

అప్పటి నుంచి తుమ్మలగుట్టవాసులు పోవడం గేటులోంచి, రావడం ముళ్ళ కంచెలోంచి. ఊళ్ళో ప్రతివాడి ధోవతికీ చిరుగులే. సాయన్న కూడా డ్యూటీ దిగాక ముళ్ళలోంచే ఇంటికి పోయేవాడు.

ఇదంతా నవనీతకు నవ్వులాటగానే ఉండేది, హాస్టలు సీటు కాగితం వస్తే. అది రాలేదు. మొదట నడిచింది ఆవు గనక తనది రెండో ప్రవేశమైందేమోనని అనుమానం వచ్చింది గానీ, ఆవుకు సీటిస్తారా ఎక్కడైనా అని తనే కొట్టిపారేసింది. అయినా సమయం మించిపోతోందని, జంతుశాస్త్రం లేకపోయినా ఏదో ఒక డిగ్రీ చేద్దామని జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీకి వెళ్ళింది. అక్కడ గుమాస్తా మార్కులు చూసి, సీటుందన్నాడు. వేలు పెట్టమన్నాడు. పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"నువ్వు ఇంతకుముందే చేరినవు గదమ్మా," అన్నాడు గుమాస్తా.

"యాడ సార్?"

"తుమ్మలగుట్ట ద్వారంల."

"అది గేటు సార్! ఆడ బడి లేదు, సార్లు లేరు, ఏం లేదు. లడ్డూకు ఏలిముద్ర ఏసిన."

"ఎందుకేసినా ప్రవేశం ప్రవేశమే. ఒక్క మనిషి రెండు తావుల చేరితే కేసైతది. అక్కడి నుంచి టీసీ పట్టుకరా, చేర్చుకుంట," అని అతను కిటికీ మూశాడు. మంచివాడే, మూసేముందు వెనకున్నవాళ్ళకు చెప్పి మూశాడు.

మర్నాడు తండ్రీ కూతుళ్ళిద్దరూ బస్సెక్కి విశ్వవిద్యాలయానికి పోయారు. అసలు విశ్వవిద్యాలయం గేటు మూసి ఉంది. ఇనుప గేటు, గొలుసు, తుపాకీతో కాపలావాడు. పాసు ఉంటే తప్ప పంపనన్నాడు. ఎండలో నిలబడి నిలబడి బీరయ్య గొంగడి నెత్తిమీద వేసుకున్నాడు.

"మనూరి గేటేమో రాత్రింబగళ్ళు తెరిసుంటది. ఇదేమో ఇట్ల మూసిన్రు. ఎందుకు బిడ్డా?"

"ఈడ లోపల ఏమన్న ఉన్నది నాయినా, అందుకు," అంది నవనీత.

మధ్యాహ్నం భోజనాల వేళ కాపలావాడికి జాలి కలిగి లోపలికి వదిలాడు. పరాంకుశం గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. టీసీ మాట ఎత్తగానే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయీ, టీసీ జారీ చేయడమంటే నిష్క్రమణను ప్రోత్సహించడమే. మా ద్వారాల ద్వారా ప్రవేశించిన వారెవరూ నిష్క్రమించరాదన్నది విధాన నిర్ణయం. నీవు ఇప్పుడు చక్కగా చదువుకుంటున్నావు. చదువు మధ్యలో మానవద్దని ఒక తండ్రిలాగా చెబుతున్నాను."

"నేనేం చదువుతున్న సార్?"

"అది నీ శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది."

నవనీత కుర్చీ ముందుకు జరుపుకుంది. "పోనీ సార్, మొదటి సీటన్న ఇయ్యుండ్రి. అది నాకియ్యాల్సిందే. మా సర్పంచి మాటిచ్చిండు. పంతులు ఆవును ముందు తోలిండని నేను ఆగిన."

పరాంకుశం కంప్యూటరు తెరిచి చూశారు. ఆయన ముఖం విప్పారింది. "తుమ్మలగుట్ట! ప్రథమ ప్రవేశితురాలు కుమారి గౌరి. హాస్టలులో మంచం, పరుపు, బకెట్టు కేటాయించాం. చిత్రమేమిటంటే ఆ అమ్మాయి ఇంతవరకూ హాజరు కాలేదు. అన్ని ద్వారాల వారూ వచ్చేశారు, ఈమె ఒక్కతే బాకీ. ఆమె రాకపోతే పథకం నూటికి నూరు శాతం విజయవంతమైందని రాయలేకపోతున్నాం. మీ ఊరిదేనా? కొంచెం చెప్పండి ఆమెకు."

"ఆమె ఆవు సార్."

"వ్యక్తిగత విమర్శలు వద్దు," అన్నారు పరాంకుశం.

"నిజంగనె ఆవు సార్! నాలుగు కాళ్ళు, తోక, కొమ్ములు. సర్పంచోళ్ళ ఆవు."

బీరయ్య చేతులు జోడించి అవునన్నాడు. పరాంకుశం లేచి తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించారు. ఆ ప్రవేశాన్ని స్వయంగా ఉపకులపతిగారు తమ హస్తాలతో ప్రారంభించారు. దాని మీద ఢిల్లీ నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఇప్పుడు అది పశువని రాస్తే, విశ్వవిద్యాలయం పశువులను చేర్చుకుంటోందని పత్రికలు రాస్తాయి. దిద్దాలంటే ఒక సంఘం వేయాలి. సంఘం కూర్చోవాలంటే వేసవి రావాలి.

"కావున రికార్డు మారదు," అన్నారాయన కిటికీలోంచి బయటికి చూస్తూ. "అయితే రికార్డులో విద్యార్థిని ఛాయాచిత్రం లేదు. వేలిముద్ర లేదు. కుమారి గౌరి రేపు సాయంత్రంలోగా హాజరు కావలసి ఉన్నది. ఎవరు హాజరైతే వారే గౌరి అని కార్యాలయం భావించును."

నవనీతకు ఆ మాట ఎక్కడానికి కాస్సేపు పట్టింది. ఎక్కాక ఒళ్ళు మండిపోయింది.

"నా పేరు నవనీత సార్. పదిల, ఇంటర్ల అదే పేరుంది. నా నాయిన పేరు బీరయ్య."

"ఈ రికార్డులో అనంతరెడ్డి అని ఉంది," అన్నారు పరాంకుశం జాలిగా. "సంరక్షకుణ్ణి మార్చడం గౌరి వల్ల కూడా కాదు."

తిరుగు బస్సులో నవనీత కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. మార్కులు తనవి, సీటు ఆవుది. తను అడుగుతున్నదేమైనా దానమా? ఆవు తర్వాత నిలబడమంటే నిలబడింది, ఇప్పుడు ఆవుగా నిలబడమంటున్నారు. పైగా తండ్రి పేరు కూడా వదులుకోవాలట. చీకటి పడి కండక్టరు లైట్లు వేశాక బీరయ్య అన్నాడు.

"తల్లి సచ్చిన పిల్లను ఇంకో గొర్రె కాడ తాపుతం. ఎరికే గదా నీకు?"

"ఎరికే."

"ఆ గొర్రె ఊకె తాగనిస్తదా? మూతి పెడితె తంతది. పిల్ల సిగ్గుపడి ఇడిసిపెడితె సస్తది. అందుకె తాగేదాంక మనమే పట్టుకుంటం." ఆయన గొంగడి సర్దుకున్నాడు. "పేరు ఎవలదైతేంది బిడ్డా. సదివేది నువ్వు. నా పేరు యాడికి పోతది? నేనీడనే ఉంట."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన కూడా కిటికీ వైపే తిరిగాడు. ఇద్దరికీ ఉన్నది ఒక్కటే కిటికీ.

మర్నాడు పొద్దున నవనీత పెట్టె పట్టుకుని గేటు దాటి పోయింది. సాయన్న సలాం కొట్టాడు. సర్పంచి తన ఆవుకొచ్చిన సీటును పెద్దమనసుతో బీరయ్య బిడ్డకు ధారపోశాడని ఊళ్ళో మూడు రోజులు చెప్పుకున్నారు. పథకం నూటికి నూరు శాతం విజయవంతమైంది. నవనీత అనే విద్యార్థిని మాత్రం రికార్డుల ప్రకారం ఇప్పటికీ తుమ్మలగుట్ట ద్వారంలోనే చదువుకుంటోంది. అక్కడ ఆమె హాజరు నిరంతరాయంగా ఉంది. పోయిన మనిషి సాయంత్రం తిరిగి గేటులోంచి రాలేదు కాబట్టి, ఆమెను ఆదర్శ విద్యార్థినిగా ఎంపిక చేసే విషయం పరిశీలనలో ఉంది.

జంతుశాస్త్రం మొదటి క్లాసులో పాఠం చెప్పే సారు కొత్త పిల్లల పేర్లు పిలుస్తున్నాడు. పిలిచినవాళ్ళు లేచి పలుకుతున్నారు. నవనీత రెండో బెంచీలో కూర్చుని గోడ మీది బొమ్మ చూస్తోంది. ఆవు కడుపులో నాలుగు అరలు ఎలా ఉంటాయో అందులో రంగులు వేసి చూపించారు. ఇంత దగ్గరగా, ఇంత వివరంగా అలాంటి బొమ్మను ఆమె ఎప్పుడూ చూడలేదు.

"గౌరి," అన్నాడు సారు.

ఎవరూ పలకలేదు.

"గౌరి! తుమ్మలగుట్ట గౌరి, డాటరాఫ్ అనంతరెడ్డి. వచ్చిందా లేదా?"

పక్క అమ్మాయి మోచేత్తో పొడిచింది. నవనీత ఉలిక్కిపడి లేచి నిలబడింది. సారు కళ్ళజోడు పైనుంచి ఆమెను ఎగాదిగా చూశాడు.

"పేరు పెట్టి పిలుస్తుంటే పలకవేమమ్మా, పశువులా అట్లా చూస్తావేం?"

క్లాసంతా నవ్వింది.

"ప్రెజెంట్ సార్," అంది గౌరి. కూర్చుని, పుస్తకం తెరిచింది.